డాక్టరమ్మకు ఎవరూ సలహా చెప్పరాదు

ఆ దీవిలో చేపలకు కరువు రావచ్చు, ఓడ ఆలస్యమై పంచదారకు కటకటలాడిపోవచ్చు గానీ సలహాలకు మాత్రం ఏనాడూ కరువు లేదు. ఆపియా పట్నం నుంచి ఓడ వచ్చి పగడపు గట్టు అవతల ఆగి, అందులో కొత్త ముఖం ఒక్కటి కనిపించిందంటే చాలు, ముసలీ ముతకా అంతా రేవులోకి దిగేవాళ్ళు. ఎక్కడ నిలబడకూడదో, ఎప్పుడు బయటికి రాకూడదో, దేన్ని చూసి భయపడాలో ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పేవాళ్ళు. టోకెలావు దీవులన్నీ గాలించినా అంత ఉదారంగా సలహాలు పంచే ఊరు ఇంకొకటి దొరకదు. చెప్పేదంతా మంచి మనసుతోనే. ఆ మంచి మనసుతోనే వరసగా ముగ్గురు డాక్టర్లను తరిమేశారు.

మొదటాయన పడవ దిగి ఇంకా కాళ్ళు కూడా తుడుచుకోలేదు, ఫిలిపా అనే ఆవిడ ఎదురెళ్ళి, "నాయనా, ఆ కొబ్బరిచెట్టు కింద మాత్రం నిలబడకు, మా మేనమామ అక్కడే పోయాడు" అంది. ఆ దీవిలో కొబ్బరిచెట్టు లేని చోటు సముద్రమొకటే. ఆ మహానుభావుడు ఉన్నన్నాళ్ళూ నెత్తిన వంటగిన్నె బోర్లించుకు తిరిగి, తర్వాతి ఓడలోనే పోయాడు. రెండో ఆవిడ కాస్త గట్టి మనిషే. ఆవిడకి ఫౌవా అనే ఆయన తుఫాను సంగతి చెప్పాడు. "అల ఇటునుంచి వచ్చింది, అటు వెళ్ళిపోయింది" అని, నిలబడ్డ చోటి నుంచి కదలకుండా, మెడైనా తిప్పకుండా, ఈ చేత్తో ఈ సముద్రాన్నీ ఆ చేత్తో ఆ సముద్రాన్నీ చూపించాడు. ఊరి వెడల్పు ఎంతో ఆవిడకి అప్పుడు బోధపడింది. ఇక మూడో ఆయన సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ఆయనకి దయ్యాల గురించి ఎవరు చెప్పారో ఈనాటికీ ఎవరూ ఒప్పుకోరు.

తుఫాను చూపించిన ఫౌవా పెలెయిలాకి మొగుడు. ఆ సంగతి తెలిసిన రోజున ఆమె అతనికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

ఎందుకంటే పెలెయిలాకి డాక్టరు కావాలి. కోడలు లోసాకి నెలలు నిండుతున్నాయి. దీవిలో డాక్టరు లేకపోతే కడుపుతో ఉన్న పిల్లని ముందే ఓడెక్కించి ఆపియా పంపాలని పెద్దల సభ పెట్టిన కట్టడి. కట్టడి మంచిదే, కాదనలేం. కానీ ఆ ఓడ సంగతి పెలెయిలాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె కొడుకు తోమాసి ఆపియా దాకా ఆగలేదు. ఎండుకొబ్బరి బస్తాల మధ్య, ముక్కూమొహం తెలియని వాళ్ళు వాంతులు చేసుకుంటూనే దుప్పట్లు అడ్డం పట్టుకుంటే, నడిసముద్రంలో పుట్టాడు. ఊళ్ళో వాణ్ణి ఈనాటికీ ఓడకొడుకు అనే పిలుస్తారు. పిలిస్తే వాడు నవ్వుతాడు. పెలెయిలాకి నవ్వు రాదు. ఆ కంపు, ఆ ఊపు, చెయ్యి పట్టుకుందామంటే తనవాళ్ళు ఒక్కరూ లేకపోవడం, ఏదీ ఆమె ఈనాటికీ మరిచిపోలేదు. మనవడో మనవరాలో, ఎవరైతేనేం, నేల మీద పుట్టాలి. ఆమె కోరిక అంతే.

కొత్త డాక్టరు వస్తోందని కబురు తెలిసిన రోజునే ఆమె సభ పెద్ద పెనియామినా దగ్గరికి వెళ్ళింది.

"పెద్దాయనా, ఈసారి వచ్చే డాక్టరమ్మకి ఊళ్ళో ఎవరూ సలహా చెప్పకూడదని ఆజ్ఞ వెయ్యి."

"సలహా చెప్పకపోతే ఆ పిల్ల ఇక్కడ ఎలా బతుకుతుందే?"

"నేను చెబుతాను. తియ్యటి మాటలు చెబుతాను. మిగతావి మెల్లమెల్లగా చెప్పుకోవచ్చు, మా లోసాకి బిడ్డ పుట్టాక."

"పుట్టాక అంటే ఎప్పుడు?"

"ఆ బిడ్డకి పళ్ళొచ్చాక."

పెనియామినా గడ్డం గోక్కున్నాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ముగ్గురు డాక్టర్లూ ఆ మోకాళ్ళని చూడకుండానే పోయారు. మర్నాడు ఆజ్ఞ వెలువడింది: డాక్టరమ్మకు పెలెయిలా తప్ప ఎవరూ సలహా చెప్పరాదు, చెప్పినవాళ్ళు ఊరి పందుల దొడ్డి శుభ్రం చెయ్యాలి. ఆ దొడ్డి ఎలా ఉంటుందో తెలిసిన ఊరు కాబట్టి అందరూ నోళ్ళు కట్టేసుకున్నారు. ఫిలిపా ఒక్కతీ, "ఇంతకంటే నా నాలుక కోసి ఇచ్చేస్తాను తీసుకో వదినా" అని పెలెయిలా మీద చిందులు తొక్కింది.

ఆజ్ఞ ఓడ దిగడం దగ్గరే తన ప్రతాపం చూపించింది. ఓడ రేవుకి రాదు, గట్టు అవతలే ఊగుతూ ఉంటుంది. నిచ్చెన దిగి, కింద పడవ పైకి లేచినప్పుడు చూసి దూకాలి. దిగుతున్నప్పుడు దూకితే అంతే సంగతులు. పడవలో తోమాసి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, నీళ్ళ రంగు కళ్ళతో ఒకావిడ నిచ్చెన చివర నిలబడి దూకబోతోంది. పడవ దిగుతోంది. "ఇప్పుడు కాదు" అనడానికి తోమాసి నోరు తెరిచాడు. పందులు గుర్తొచ్చాయి. నోరు మూశాడు. డాక్టర్ యూనా వచ్చి సరాసరి అతని మీద పడింది, వెనకాలే ఆవిడ సంచీ పడింది.

డాక్టరింటి పైకప్పు బాగవుతోంది కనక ఆవిడ బస పెలెయిలా ఇంట్లోనే. బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు దుమ్ము దులుపుకుని పెలెయిలా ఆవిడకి తాను దాచుకున్న సలహా మొత్తం చెప్పింది.

"ఇక్కడ అంతా బాగుంటుంది డాక్టరమ్మా."

"నేను తెలుసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు. హాయిగా ఉండండి."

యూనా హాయిగా ఉంది. ఊరు ఊరంతా ఆవిడ హాయి కోసం నానా అవస్థలూ పడింది. సాయంత్రం ప్రార్థన గంట మోగాక ఎవరూ బయట తిరగకూడదు, తిరిగితే దారి కాసే కుర్రకారు ఆపి జరిమానా వేస్తారు. యూనాకి సరిగ్గా ఆ గంట మోగాకే చల్లగాలి మీదికి మనసు పోయేది. కాపలావాళ్ళు ఆవిడని చూడగానే గిరుక్కున వెనక్కి తిరిగి నిలబడేవాళ్ళు. కనిపించని మనిషికి జరిమానా ఎలా వేస్తారు? ఆదివారం చర్చి లోపల పాదిరి ప్రసంగం నడుస్తుంటే, కిటికీల్లోంచి అందరికీ కనబడేలా, ఆవిడ ఈతగుడ్డలతో పగడపు గట్టు లోపలి సముద్రపు మడుగులోకి దిగింది. ఆ దీవిలో ఆదివారం పిల్లి కూడా నీళ్ళ జోలికి పోదు. పాదిరి గుటకలు మింగి ప్రసంగం అక్కడే ఆపేసి కీర్తన ఎత్తుకున్నాడు. జనం అంతా కళ్ళు మూసుకుని, కిటికీలు అదిరేలా పాడారు. బయట యూనా వెల్లకిలా తేలుతూ, ఎంత భక్తి వీళ్ళకి, అనుకుని సంబరపడింది.

అన్నిటికంటే ఘోరం ఉయ్యాల. ఫిలిపా మేనమామ పోయిన చెట్టుకే ఆవిడ తాళ్ళ ఉయ్యాల కట్టుకుని, మధ్యాహ్నం పుస్తకం చదువుతూ నిద్రపోయేది. చెట్టు నిండా కాయలు. చెబుదామంటే ఆజ్ఞ, ఊరుకుందామంటే ప్రాణం. చివరికి తోమాసి నడుముకి తాడు కట్టుకుని చప్పుడు కాకుండా చెట్టెక్కాడు. ఒక్కొక్క కాయా కోసి బుట్టలో పెట్టి కిందికి దింపుతుంటే కింద ఫౌవా అందుకున్నాడు. యూనా నిద్ర లేచేసరికి చెట్టు బోడిగా ఉంది. ఆవిడ ఏమీ గమనించలేదు. మర్నాడు ఉయ్యాల పక్క చెట్టుకి మార్చుకుంది.

"ఇలా అయితే దీవిలో చెట్లన్నీ బోడిచేసి పోతాం నాన్నా" అన్నాడు తోమాసి నడుం పట్టుకుని.

"మీ అమ్మతో చెప్పు" అన్నాడు ఫౌవా. ఇద్దరూ చెప్పలేదు.

ఇవన్నీ భరించవచ్చు. భోజనం సంగతి వేరు.

ఆ ఇళ్ళల్లో అతిథి ముందు తింటాడు. ఇంట్లో ఉన్న మంచిదంతా చాప మీద అతిథి ముందు పెడతారు. ఆడవాళ్ళు పక్కన కూర్చుని ఈగలు తోలుతూ, ఇంకొంచెం తినండి, ఇంకొంచెం తినండి అంటారు. అతిథి వద్దు వద్దంటూ కాస్త తిని, మంచి ముక్కలు మిగిల్చి లేస్తాడు. మిగిలినది ఇంటివాళ్ళు తింటారు. ఇది ఒకరు నేర్పేదీ కాదు, ఒకరు చెప్పేదీ కాదు. తల్లిపాలతో వచ్చేది.

మొదటి రోజు పెలెయిలా రెండు చేపలూ, సగం సీమపనసకాయా, కొబ్బరిపీతా పెట్టింది. యూనా అంతా తినేసింది. ముళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. పీత డిప్పలు కూడా నాకి పెట్టింది. ఇంటిల్లిపాదీ ఖాళీ ఆకుల వంక చూశారు.

"పాపం, ప్రయాణంలో తిండి లేదేమో" అంది పెలెయిలా.

రెండో రోజూ అంతే. అంటే పెట్టింది చాలడం లేదన్నమాట. పెలెయిలా సిగ్గుపడింది. ఇంకో చేప పెంచింది. యూనా అదీ తినేసింది, కాకపోతే ఈసారి మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంది. పెలెయిలా కోడి కోయించింది. కోడీ పోయింది. పైపెచ్చు సముద్రం పోటు మీద ఉండి పడవలు గట్టు దాటడం లేదు. దొరికిన నాలుగు చేపలూ ఒడ్డున కుప్ప పోసి ఇంటింటికీ వాటా పంచుతున్నారు. ఆ వాటా అంతా డాక్టరమ్మ ఆకులోకే. ఇంటివాళ్ళకి పొద్దున పులాకా దుంప, సాయంత్రం పులాకా దుంప, నంజుకోవడానికి కొబ్బరి.

"ఆ మనిషి అంత సన్నగా ఉంది, ఎక్కడికి పోతోందే అదంతా?" అన్నాడు ఫౌవా, నడుం దగ్గర వదులైన లుంగీ ఎగదోసుకుంటూ.

"నోరు ముయ్యవయ్యా. అతిథి తిండి లెక్కపెట్టే రోజులొచ్చాయా మనకి?"

"లెక్కపెట్టడానికి ఏదైనా మిగిలితే కదా."

"ఓపిక పట్టు. నీ మనవడి కోసమే కదా."

"వాడు పుట్టేసరికి తాత ఉండాలి కదే."

పక్కింటికి వెళ్ళి ఒక చేప అడగవచ్చు. అడిగితే ఫిలిపా ఇస్తుంది, ఇచ్చి ఊరంతా చెబుతుంది. పెలెయిలా దుంప తిని నీళ్ళు తాగి పడుకుంది. లోసా కూడా ఏమీ అనలేదు. అత్తకి ఎదురుచెప్పే పిల్ల కాదు, పైగా ఆ పిల్లకీ ఓడంటే భయమే.

ఓడ మళ్ళీ వచ్చిన రోజు పొద్దున, యూనా ఆస్పత్రిలో లోసాని బరువు తూచే యంత్రం ఎక్కించింది. దిగమంది. మళ్ళీ ఎక్కమంది. తర్వాత లోసా చెయ్యి పట్టుకుని విసవిసా ఇంటికొచ్చి, గుమ్మంలో దుంపలు చెక్కుతున్న పెలెయిలా ఎదుట నిలబడింది. గుమ్మం పక్కన ఆవిడ పెట్టె, తాడు కట్టి, సిద్ధంగా ఉంది. అది ఎప్పుడు సర్దిందో పెలెయిలా చూడనే లేదు.

"లోసా బరువు తగ్గింది" అంది యూనా. "కడుపుతో ఉన్న పిల్ల బరువు తగ్గడమేమిటి? ఏం పెడుతున్నారు ఈ పిల్లకి?"

"దుంప" అంది పెలెయిలా.

"దుంపా?"

"కొబ్బరి కూడా పెడుతున్నాం."

"నాకేమో చేపలూ పీతలూ కోళ్ళూ. మీ కోడలికి దుంప. ఇంత మర్యాదస్తులు, ఇంటి పిల్లని ఇలా కడుపు మాడుస్తారా? నన్ను చూస్తే ఊళ్ళో ఎవరూ నోరు విప్పరు, నేనెందుకూ పనికిరాను ఇక్కడ అని రాత్రే పెట్టె సర్దుకున్నాను. ఈ ఓడలో వెళ్ళిపోతున్నాను, లోసాని కూడా నాతో ఆపియా తీసుకుపోతాను. అక్కడైనా నాలుగు మెతుకులు పెడతారు."

పెలెయిలా చేతిలో దుంప కింద పడింది. ఊళ్ళో ఎవరేమన్నా పడుతుంది గానీ, కోడల్ని మాడ్చిందన్న మాట పడే మనిషి కాదు. అందులోనూ లోసాని ఓడెక్కిస్తానన్న మాట చెవిన పడేసరికి, ఇన్నాళ్ళూ దాచుకున్న తియ్యటి ఇంగ్లీషంతా ఒక్కసారిగా చేదెక్కింది.

"నేను మాడ్చానా? ఆ చేపలన్నీ ఎవరి కడుపులోకి పోయాయి? ఆ కోడి ఎవరి కడుపులోకి పోయింది? నువ్వు తిన్నావు. ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నావు."

"మీరు పెట్టారు కాబట్టి తిన్నాను. కడుపు పగిలిపోతున్నా తిన్నాను. మందు వేసుకుని తిన్నాను."

"ఎవరు తినమన్నారు నిన్ను?"

"మీరే. ఎదురుగా కూర్చుని, ఇంకొంచెం ఇంకొంచెం అని విసనకర్ర విసురుతూ చంపేశారు."

"అలాగే అంటాం. మేం తినమంటాం, నువ్వు వద్దనాలి. సగం వదిలేసి లేవాలి. నువ్వు వదిలితే మేం తింటాం. పసిపిల్లలకి కూడా తెలుసు ఇది."

"నాకు తెలియదు."

"ఎందుకు తెలియదు?"

"ఎవరూ చెప్పలేదు కాబట్టి."

పెలెయిలా వంగి, కింద పడ్డ దుంప తీసుకుంది. ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు? చెప్పకుండా కట్టడి చేయించింది ఎవరు? ఇంటి వెనక నుంచి ఫౌవా ఏదో అనబోయి, భార్య ముఖం చూసి గోడవైపు తిరిగాడు.

యూనా మెట్టు మీద కూలబడింది. ఆవిడ ముఖం ఎర్రగా కందిపోయింది. "మాది గొర్రెలు మేపే ఊరు" అంది. "మా నాయనమ్మ చేతి వంట ఒక్క ముక్క మిగిలిస్తే ఆవిడ వారం రోజులు మాట్లాడేది కాదు. మిగిలిస్తే మీకు కోపమొస్తుందని... నెలల పిల్ల తిండి తినేశాను నేను. డాక్టర్ని."

"తెలియక తిన్నావులే."

"ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?"

పెలెయిలా ఆవిడ పక్కనే కూర్చుంది. దాచి ఇక ప్రయోజనం లేదు. పెట్టె ఎలాగూ కట్టేసి ఉంది. అందుకని అన్నీ చెప్పేసింది. గంట మోగాక బయట తిరగకూడదని, కాపలా కుర్రాళ్ళకి ఆవిడ కనిపిస్తూనే ఉందని చెప్పింది. ఆదివారం ఈత సంగతి చెప్పింది, కీర్తన అంత గట్టిగా ఎందుకు పాడారో చెప్పింది. తోమాసి ఎక్కిన చెట్ల సంగతి చెప్పింది. ఓడ ఒక్కోసారి రాదని, వచ్చినా అల బాగులేకపోతే సరుకు దించకుండానే పోతుందని చెప్పింది. ఊళ్ళో ఎవరి రహస్యమూ రహస్యంగా ఉండదని, ఆవిడ ఉతికి ఆరేసిన బట్టల గురించి కూడా ఇప్పటికే చర్చ జరిగిందని చెప్పింది. కొన్నాళ్ళు పోయాక ఒకనాడు ఏ కారణమూ లేకుండా ఏడుపొస్తుందని, వచ్చినప్పుడు ఫిలిపా ఇంటికి మాత్రం వెళ్ళవద్దని చెప్పింది.

యూనా చెట్ల సంగతి దగ్గర నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఇదంతా ఎందుకమ్మా? మొదటి రోజే చెప్పవచ్చు కదా" అంది.

"చెబితే ఉంటావా? చెప్పినందుకే ముగ్గురు పోయారు." పెలెయిలా లోసా వైపు చెయ్యి చూపించింది. "నువ్వు పోతే నా కోడలు ఓడెక్కాలి. నా కొడుకుని నేను ఆ ఓడలో కన్నాను. చచ్చిపోతాననుకున్నాను. పట్టుకోవడానికి ఒక్క చెయ్యి లేదు. ఈ పిల్లకి ఆ బతుకు వద్దు. నాకు భయంగా ఉంది డాక్టరమ్మా. అందుకే నీకు అబద్ధాలు చెప్పాను, అందుకే నీకు చేపలు పెట్టాను."

లోసా వచ్చి అత్త భుజం మీద చెయ్యి వేసింది.

"ఓడ రేపు పొద్దున కదా వెళ్ళేది" అంది యూనా చివరికి. "అప్పటిలోగా ఆలోచించుకుంటాను. ఈ పూట మాత్రం నన్ను అతిథిలా చూడొద్దు. మీతో పాటు కూర్చుని, మీరు తినేదే తింటాను."

ఇది పెలెయిలా ఒక్కతి తేల్చే సంగతి కాదు. పెనియామినా దగ్గరికి పరిగెత్తింది. ఆయన చాలాసేపు మోకాళ్ళు రుద్దుకుంటూ ఆలోచించాడు.

"అతిథి ఒకసారి అతిథి అయ్యాక కాకుండా చెయ్యడం నా తాతల కాలంలో కూడా లేదే. ఒకటే దారి. ఆ ఇంటికి ఆవిడకంటే కొత్త అతిథి రావాలి. అప్పుడు ఆవిడ పాతదవుతుంది."

కొత్త అతిథి అప్పటికే రేవులో ఉన్నాడు. ఎండకి నడిచే కరెంటు బ్యాటరీలు బాగుచెయ్యడానికి కాల్విన్ అనే ఆయన ఓడ దిగాడు. ఓడంత మనిషి. ఆయన దిగితే పడవ ఒక పక్కకి ఒరిగింది. ఆయనకి ఆ పూట భోజనం పెలెయిలా ఇంట్లో అని పెనియామినా తీర్మానించేశాడు.

ప్రార్థన అయ్యాక చాప పరిచారు. ఆ రోజు వాటాకి రెండు చేపలొచ్చాయి, రెండూ మంచివే. సీమపనస కాల్చారు. కాల్విన్ చాప మధ్య కూర్చున్నాడు. వెనక లోసా, ఫౌవా, తోమాసి, వాళ్ళ పక్కన కాళ్ళు ముడుచుకోలేక అవస్థపడుతూ యూనా. సిగ్గుతో ఆవిడ పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదు. ఇప్పుడు ఆవిడ కడుపులోంచి వచ్చే శబ్దం లోసాకి స్పష్టంగా వినబడుతోంది.

కాల్విన్ మొదటి చేప తిన్నాడు. నెమ్మదిగా, శ్రద్ధగా, తలకాయతో సహా తిన్నాడు.

"ఇంకొంచెం తినండి" అంది పెలెయిలా విసనకర్ర విసురుతూ. అనకుండా ఎలా ఉంటుంది? ఆ మాట ఆమె నోట్లోంచి దానంతటదే వస్తుంది.

యూనా ఆమె వంక కళ్ళెర్రజేసి చూసింది.

కాల్విన్ పనసకాయ ముక్కలు ఒక్కొక్కటీ ముగించాడు. వేళ్ళు నాక్కున్నాడు. "చాలా బాగుందండీ. మా ఇంట్లో ఏదైనా మిగిలిస్తే మా అమ్మ ఒప్పుకునేది కాదు" అంటూ రెండో చేప మీదికి చెయ్యి చాచాడు. యూనా ఆ చేతి వంకే చూస్తోంది. చెయ్యి చేపని పట్టుకుంది. చేప పైకి లేచింది.

"అది కింద పెట్టు" అంది యూనా.

కాల్విన్ తల తిప్పాడు. "ఏమిటండీ?"

"ఆ చేప కింద పెట్టు. అది నీది కాదు, మాది. ఇక్కడ సగం వదిలేసి లేవాలి. వీళ్ళెవరూ నీకు చెప్పరు, చచ్చినా చెప్పరు. నేను చెబుతున్నాను. ఈ పిల్ల కడుపుతో ఉంది, ఈ పెద్దమనిషికి లుంగీ నిలవడం లేదు, నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పెట్టెయ్యి."

కాల్విన్ చేపని కింద పెట్టాడు.

పెలెయిలాకి తల తీసేసినట్టయింది. తన చాప మీద, తన కళ్ళ ముందు, అతిథి చేతిలో చేప లాక్కోవడం. ఇలాంటిది ఆ దీవిలో ఎవరి ఇంట్లోనూ జరిగి ఉండదు. తెల్లారేసరికి ఫిలిపా ఈ సంగతి ఓడ కళాసీలకి కూడా చెబుతుంది. ఫౌవా అలవాటు ప్రకారం గోడవైపు తిరిగాడు. లోసా మాత్రం రెండు చేతులతో పొట్ట పట్టుకుని, నవ్వు ఆపుకోలేక పక్కకి ఒరిగిపోయింది.

యూనా ఇవేవీ చూడలేదు. చేపని చేత్తోనే చీల్చి, పొట్టభాగం లోసా ముందు పడేసింది. తలకాయ ఫౌవా వైపు తోసింది. నడుం ముక్క తల్లీకొడుకులకి చెరి సగం చేసింది. తోక తను తీసుకుని, చాప మీద ఇంకేమైనా మిగిలిందా అని వెతికి, కాల్విన్ మోకాలి దగ్గర దాగిన చివరి పనస ముక్క చూసింది.

"అది కూడా ఇటివ్వు" అంది.

పెలెయిలా విసనకర్ర కింద పెట్టింది.

"ఒరేయ్ తోమాసీ" అంది, "గుమ్మంలో ఆ పెట్టె కాళ్ళకి అడ్డంగా ఉంది. తీసి లోపల పెట్టు."

తోమాసి లేచి, పెట్టె దగ్గరికి వెళ్ళి, ఎందుకైనా మంచిదని డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ నోటినిండా చేప ఉంది. చేత్తో లోపలికి చూపించింది.